ముఖానికి మసి పూసుకున్న సినిమాని నల్లజాతి వారసత్వం అనొచ్చా?

పాతరీలు:
'లైమ్ కిల్న్ క్లబ్ ఫీల్డ్ డే' అనే మూకీ సినిమా గురించి అడుగుతున్నాను. 1913లో న్యూయార్క్‌లో బయోగ్రాఫ్ స్టూడియో తరఫున తీశారు. హీరో బెర్ట్ విలియమ్స్, అప్పటికే న్యూయార్క్ నాటకరంగం బ్రాడ్వేలో పెద్ద పేరున్న నల్లజాతి హాస్యనటుడు. తెరమీద కనిపించేది ఎక్కువగా నల్లజాతి వాళ్లే. షూటింగ్ అయ్యాక ఎడిటింగ్ కూడా చేయకుండా మూలన పడేశారు. ఆ నెగెటివ్‌లు 1930లలో న్యూయార్క్ మోడరన్ ఆర్ట్ మ్యూజియం చేతికొచ్చాయి. వాళ్లు 2014లో ముక్కలన్నీ కూర్చి, గంటసేపటి బొమ్మగా చూపించారు. అదే ఏడాది అమెరికా జాతీయ సినిమా రిజిస్ట్రీలోనూ, అంటే భద్రపరచాల్సిన సినిమాల జాబితాలోనూ చేరింది.

నా అభ్యంతరం ఇది. డబ్బు తెల్లవాళ్లది, డైరెక్టర్లలో ఇద్దరు తెల్లవాళ్లు. పైగా విలియమ్స్ స్వయంగా నల్లవాడై ఉండి, ముఖానికి కాల్చిన బెండు మసి పూసుకున్నాడు. తెల్లవాళ్లు నల్లవాళ్లని వెక్కిరించడానికి పుట్టించిన వేషం అది. భద్రపరచండి, వద్దనను. నెత్తిన పెట్టుకోవడం దేనికి?

బెజవాడ బాబు:
అన్నా, మసి ఎవరికుందో మళ్లీ చూడు. ఒక్క విలియమ్స్‌కే. మిగతావాళ్లంతా తమ ముఖాలతో, ఇస్త్రీ సూట్లు, మంచి టోపీలతో ఉన్నారు. రంగులరాట్నం మీద విలియమ్స్, హీరోయిన్ ఒడెస్సా వారెన్ గ్రే పక్కపక్కనే తిరిగే షాట్ ఉంది. చివర్లో ఇద్దరూ ముద్దు పెట్టుకుంటారు, అందులో వెకిలితనం లేదు. 1913లో నల్లజాతి జంట ప్రేమని మామూలు ప్రేమలా చూపించడం చిన్న విషయం కాదు. హీరో మసి పూసుకుంటే తెల్ల ప్రేక్షకులకి టెన్షన్ ఉండదు, ఆ చాటున మిగతా అందరూ మనుషుల్లా కనిపించే వీలు దొరికింది. నాకు అర్థమైంది ఇది.

పాతరీలు:
చాటున దక్కినదాన్ని గౌరవించు, కాదనను. కానీ ఎవరి చాటూ లేకుండా తీసినవాడు ఉన్నాడు కదా, నల్లజాతి దర్శకుడు ఆస్కార్ మిషో. సౌత్ డకోటాలో సేద్యం చేశాడు, నవలలు రాసి ఇల్లిల్లూ తిరిగి అమ్మాడు, చుట్టుపక్కల రైతులకి కంపెనీ వాటాలు అమ్మి 1919లో 'ది హోమ్‌స్టెడర్' తీశాడు. నలభైకి పైగా సినిమాలు తీసిన మనిషి. ఆ మొదటి సినిమా ఇవాళ ఎక్కడా లేదు. ముందు ఆయన ఫిల్మ్ డబ్బాలు వెతకాలి, ఎగ్జిబిషన్లు తర్వాత.

శారద, డాలస్:
పాతరీలు గారూ, అసలు తేడా ఎక్కడొచ్చిందో చూడండి. బయోగ్రాఫ్‌కి నెగెటివ్‌లు దాచే చోటుంది. పేరున్న దర్శకుడు గ్రిఫిత్ తొలినాళ్లలో పని చేసిన కంపెనీ కాబట్టి మ్యూజియానికి వాటి మీద ఆసక్తీ ఉంది. ఆ కుప్పలో కలిసి ఇదీ బతికింది. మిషోకి గోదాం ఎక్కడిది? ఉన్న కొద్ది ప్రింట్లూ ఊరూరా ఆడాలి. ఒక్కో ఊళ్లో సెన్సార్ ఒక్కో ముక్క కోస్తుంది. అరిగిపోయేదాకా ఆడించాల్సిందే, లేకపోతే తర్వాతి సినిమాకి డబ్బు రాదు. ఆయన 1920 సినిమా 'వితిన్ అవర్ గేట్స్' చివరికి మాడ్రిడ్ ఆర్కైవ్‌లో, స్పానిష్ టైటిళ్లతో దొరికింది. అదే ఏడాది తీసిన 'ది సింబల్ ఆఫ్ ది అన్‌కాంకర్డ్' బెల్జియంలో దొరికింది. సొంత దేశంలో మిగల్లేదు.

మా డాలస్‌కి గంటన్నర దూరంలో టైలర్ అనే ఊరుంది. 1983లో అక్కడ ఒక గోదాంలో నల్లజాతి ప్రేక్షకుల కోసం తీసిన పాత సినిమాల డబ్బాలు బయటపడ్డాయి. నైట్రేట్ ఫిల్మ్ అది. పాతబడితే జిగురు కట్టి, చివరికి పొడైపోతుంది, నిప్పు తగిలితే ఆగదు. ఇక్కడి సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీ వాళ్లు తీసుకుని కాపాడారు. నల్లజాతి దర్శకుడు స్పెన్సర్ విలియమ్స్ 1941లో తీసిన 'ది బ్లడ్ ఆఫ్ జీసస్' అలాగే మనకి దక్కింది. దానికి డబ్బు పెట్టింది డాలస్‌లోని తెల్ల వ్యాపారే, కథ, డైరెక్షన్ స్పెన్సర్ విలియమ్స్‌వి. మీ లెక్క ప్రకారం దాన్నీ పక్కన పెట్టాలా? మిగిలినవి మంచివని మిగల్లేదు, పోయినవి చెడ్డవని పోలేదు. దొరికిన నాలుగింటిలో మళ్లీ శుద్ధి చూసి ఏరుకుంటే చేతిలో ఏం ఉంటుంది?

కొత్తపేట కుర్రాడు:
నల్లవాళ్లని రాక్షసులుగా చూపించి, తెల్లజాతి దౌర్జన్య ముఠా కూ క్లక్స్ క్లాన్‌ని హీరోల్ని చేసిన గ్రిఫిత్ 1915 సినిమాని రిజిస్ట్రీలో 1992లో చేర్చారు. మిషో 'వితిన్ అవర్ గేట్స్' కూడా అదే ఏడాది చేర్చారు. రిజిస్ట్రీ అంటే సన్మాన పత్రం కాదు బ్రో, దస్తావేజు.

పాతరీలు:
దస్తావేజు అయితే గొడవే లేదు. మ్యూజియం దాన్ని పండగలా చూపిస్తేనే నాకు ఇబ్బంది. శారద గారు చెప్పిన డబ్బా చరిత్ర కూడా ప్రదర్శనలో గోడ మీద రాయాలి: ఎవరి డబ్బు, మసి ఎందుకు, ఇది ఎలా మిగిలింది, అప్పటి మిగతావి ఎలా పోయాయి. అది లేకుండా రంగులరాట్నం ముక్క ఒక్కటి ఫోన్లో తిరుగుతుంటే, అప్పట్లో అంతా బాగానే ఉండేదనుకుంటారు జనం.

బెజవాడ బాబు:
గోడ మీద రాయడం వరకు ఓకే. మసి విషయంలో మాత్రం తగ్గను. ఆ ముద్దు నాకు పండగే.

శారద, డాలస్:
చూడనివాళ్లకి చెబుతున్నా, 'వితిన్ అవర్ గేట్స్' మీద కాపీరైట్ లేదు, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైట్లోనే ఉచితంగా ఉంది. మధ్యలో ఒక సీన్ దొరకలేదు, అక్కడ టైటిల్ కార్డుతో (తెరమీద రాతతో) కథ చెప్పేశారు, వీడియో తెగిందనుకోకండి. చివర్లో కుటుంబాన్ని ఉరితీసే ఘట్టం ఉంది, పిల్లలు పక్కన లేనప్పుడు చూడండి.