పాత బుల్లెట్‌కు పాయింట్లు ఉంచాలా, పీకేయాలా?

నల్లమల బాటసారి:

బండి 1996 నాటి బుల్లెట్ 350. పోత ఇనుప ఇంజను, కుడికాలికి గేర్లు, ఎడమకాలికి బ్రేకు. నాన్న కొన్నది. ఆయన మోకాలు ఇక కిక్కు కొట్టనివ్వనన్నాక నా చేతికి వచ్చింది. ఆయిలు మార్చడం, టాపెట్లు సరిచేయడం, చైను బిగించడం, బ్రేకు షూలు వేయడం ఇంటి ముందు మెట్ల దగ్గరే చేసుకుంటాను. ఇంజను లోపలికి మాత్రం వెళ్లను.

గత నెల శ్రీశైలం వెళ్తుంటే మన్ననూరు దాటాక రెండుసార్లు ఆగిపోయింది. మొదట చిన్న దగ్గు, తర్వాత సైలెన్సర్‌లో పేలుళ్లు, ఆ తర్వాత నిశ్శబ్దం. అరగంట చల్లారాక ఏమీ ఎరగనట్టు మొదటి కిక్కుకే లేచింది. మరో 40 కిలోమీటర్లు పోయాక మళ్లీ అదే వరస. రాత్రి 9కి అడవి గేటు మూసేస్తారన్న భయం ఒకపక్క, వెనక కూర్చున్న తమ్ముడి వెక్కిరింపు మరోపక్క.

తిరిగి వచ్చాక చూపిస్తే మా మిస్త్రీ బండి స్టార్టు కూడా చేయకుండా తీర్పు చెప్పేశారు: "పాయింట్లు పీకి పారేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ వేయించండి, పదేళ్లు చూసుకోనక్కర్లేదు." డిసెంబరులో హైదరాబాదు నుంచి రాజమండ్రి, మారేడుమిల్లి, అరకు మీదుగా విశాఖ వెళ్లాలని ఉంది. ప్లగ్గుకు రవ్వనిచ్చే ఆ పాయింట్లను నేనే విప్పి చూసుకోగలను; వాటిని తీసేసి, అదే పని చేసే, విప్పడానికే వీల్లేని ఎలక్ట్రానిక్ పెట్టెను పెట్టుకోవడం తెలివైన పనేనా? ఘాట్లలో ఈ బండి నడిపినవారు చెప్పండి.

కాకినాడ కిక్కు:

పీకవద్దు. మిస్త్రీ మాట విని ఒకసారి పీకించి, ఏడాది తిరక్కుండా మళ్లీ పెట్టించుకున్నవాడిని నేను.

పాయింట్లంటే ఏమున్నాయి? రెండు లోహపు బొడిపెలు, ఒక స్ప్రింగు, తిరుగుతూ వాటిని తెరిచే ఒక కామ్. అవి కలిసి ఉన్నంతసేపు, రవ్వకు కావలసిన వోల్టేజీ పెంచే కాయిల్‌లో కరెంటు పారుతుంది, విడిపోయిన క్షణాన ప్లగ్గు దగ్గర రవ్వ పడుతుంది. కంటికి కనిపిస్తుంది, వేలికి తగులుతుంది. సందు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. అంతకు మించిన చదువు అక్కర్లేదు.

నాలుగేళ్ల కిందట చింతూరు నుంచి మారేడుమిల్లి ఎక్కుతుండగా వానలో నా బండి మొరాయించింది. కవరు విప్పితే పాయింట్ల మీద తడి, మసి. చొక్కా అంచుతో తుడిచాను. సందు చూద్దామంటే ఫీలర్ గేజి ఇంట్లో ఉండిపోయింది. సంచిలో చెల్లెలి పెళ్లి శుభలేఖలు పంచగా మిగిలినవి రెండున్నాయి. ఒకదాని అట్ట చించి సందులో పెట్టి బిగించాను. రాజమండ్రి చేరాక గేజితో కొలిస్తే 0.38 ఉంది. ఆ ముక్క ఇప్పటికీ పనిముట్ల సంచిలోనే ఉంచుకున్నాను. మీ పెట్టె కొండమీద కన్ను మూస్తే శుభలేఖ కాదు కదా, పెళ్లిపెద్ద దిగివచ్చినా లేవదు.

సెన్సర్ మాస్టారు:

శుభలేఖ కథ బాగుంది. అయితే వానలో, అడవి మధ్యలో ఆ కవరు విప్పవలసిన గతి ఎందుకు పట్టింది? ఆ సంగతి కిక్కు గారు చెప్పలేదు.

పాయింట్లు ఒక్కసారిగా చావవు, వాటితో వచ్చే చిక్కే అది. కామ్ మీద రాసుకునే ఫైబర్ మడమ అరిగేకొద్దీ సందు తగ్గుతుంది. సందు తగ్గితే అవి ఆలస్యంగా తెరుచుకుంటాయి, రవ్వా ఆలస్యంగా పడుతుంది. ఆలస్యపు రవ్వతో ఘాటు ఎక్కితే ఇంజను కాగిపోతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, లాగుడు తగ్గుతుంది. రోజుకు ఇసుమంత చొప్పున జరిగేది కాబట్టి నడిపేవాడికి తెలియదు. పాత బండి కదా, ఇంతేలే అని సర్దుకుపోతాడు. 3,000 కిలోమీటర్లకోసారి కవరు విప్పి చూసేవాళ్లు ఇక్కడ ఎంతమంది? చేతులెత్తమంటే అందరూ ఎత్తుతారు, బండ్లు విప్పితే మసి కనిపిస్తుంది.

ఇక ఎదురు తన్ను సంగతి. వేగం పెరిగేకొద్దీ రవ్వను ముందుకు జరిపే అడ్వాన్సు బరువుల స్ప్రింగులు సాగిపోతే రవ్వ ముందే పడి కిక్కు వెనక్కి తంతుంది. నా కుడికాలి మడమ మీద దాని గుర్తు ఇంకా ఉంది. పాయింట్లూ బరువులూ రెండూ తీసేసి అయస్కాంతపు సెన్సర్ పెట్టి ఏడేళ్లయింది. 38,000 కిలోమీటర్లు తిరిగాను, టైమింగ్ జరగలేదు. దాన్ని బిగించింది కూడా ఏ మిస్త్రీయో కాదు, నేనే, మా ఇంటి మిద్దె మీద. ఒక ప్లేటు, మూడు వైర్లు. ఇంట్లో చేసుకోవడమంటే మాటిమాటికీ చేసుకోవడమే అనుకుంటే మనకు ఎప్పటికీ కుదరదు.

కాకినాడ కిక్కు:

మాస్టారూ, బ్యాటరీ సంగతి దాటేశారు. పాయింట్ల బండి నీరసించిన బ్యాటరీతోనైనా వాలులో తోస్తే అందుకుంటుంది. మీ పెట్టెలు చాలావరకు వోల్టేజీ పడిపోగానే మూగబోతాయి. పాడేరు ఘాటులో మా స్నేహితుడి బండికి అదే జరిగింది. హెడ్‌లైటు పసుపు రంగులోకి తిరిగింది, ఇంజను రెండుసార్లు తుమ్మి ఊరుకుంది. వ్యానులో ఎక్కించుకుని కిందికి దిగాం.

సెన్సర్ మాస్టారు:

బ్యాటరీలో నీళ్లు పోసుకోని మనిషి తప్పును పెట్టె మీద రుద్దుతున్నారు. బ్యాటరీలోకి కరెంటు వెళ్తోందో బయటికి పోతోందో చూపే అమ్మీటర్ ముల్లు రోజంతా ఎడమకు, అంటే ఖర్చు వైపుకు, వాలి ఉంటే చూసీ చూడనట్టు నడిపారా?

ఆటోనగర్ పాతకాపు:

మీరిద్దరూ రోగిని గాలికొదిలేసి మందుల మీద కొట్టుకుంటున్నారు.

విజయవాడ ఆటోనగర్‌లో ఈ ఇంజన్లతోనే నా జుట్టు నెరిసింది. బాటసారి బాబూ, నువ్వు చెప్పిన లక్షణం మళ్లీ చదువుకో. చల్లగా ఉన్నప్పుడు బాగుంటుంది, కాగాక దగ్గుతుంది, పేలుతుంది, ఆగుతుంది. అరగంటకు తేరుకుంటుంది. పాయింట్లు అరిగితే ఇలా ఉండదు. అరిగిన పాయింట్లు పొద్దున్నే ఏడిపిస్తాయి. ఇది నూటికి తొంభై పాళ్లు కండెన్సర్.

పాయింట్లు విడిపోయేటప్పుడు కరెంటు వాటి మధ్య ఎగిరి దూకబోతుంది. ఆ దూకుడును మింగేది కండెన్సర్. అది మింగితేనే కాయిల్‌లో కరెంటు టక్కున తెగి ప్లగ్గుకు గట్టి రవ్వ వెళ్తుంది. మన బండిలో దాన్ని సిలిండరు వెనక, పాయింట్లుండే డిస్ట్రిబ్యూటర్ డబ్బాలోనే కూర్చోబెట్టారు, అంటే పొయ్యి పక్కన. లోపలి పొర బలహీనపడితే వేడికి పని మానేస్తుంది, చల్లారితే మళ్లీ మొదలుపెడుతుంది.

సాయంత్రం చీకటి పడుతుండగా బండిని 20 నిమిషాలు తిప్పి తీసుకురా. ఇంజను ఆడుతుండగానే డిస్ట్రిబ్యూటర్ మూత తీసి పాయింట్ల మధ్య చూడు. సన్నటి మెరుపు అప్పుడప్పుడూ కనిపిస్తే పరవాలేదు. నీలంగా, లావుగా, ఆగకుండా మంట ఆడుతుంటే కండెన్సర్ పోయినట్టే. ఇంజను ఆపాక పాయింట్ల ముఖాలు కూడా చూడు. ఒకదాని మీద గుంట, రెండోదాని మీద గుట్ట ఉంటే అదీ దాని సాక్ష్యమే.

దారిలో ఆగిపోతే అమ్మీటర్‌ను అడుగు. తాళం తిప్పి, కిక్కును చేత్తో మెల్లగా నొక్కు. పాయింట్లు కలిసినప్పుడు ముల్లు డిశ్చార్జి వైపు వాలాలి, విడిపోయినప్పుడు మధ్యకు రావాలి. ఎంత తిప్పినా వాలే ఉంటే పాయింట్లు తెరుచుకోవడం లేదు, లేదా కండెన్సర్ లోపల షార్టయింది. మధ్యలోనే నిలబడిపోతే పాయింట్ల మధ్య ఏదో అడ్డుపడింది, లేదా వైరు తెగింది. చూడడం అయిపోగానే తాళం తీసేయి. పాయింట్లు కలిసి ఉండగా తాళం వేసి వదిలేస్తే కాయిల్ కాగి చస్తుంది. అలా కాల్చుకున్నవాళ్లను చాలామందిని చూశాను.

మీ మిస్త్రీని తప్పుపట్టను. కండెన్సర్ వెతకడానికి ఒక సాయంత్రం పడుతుంది, దానికి కూలి ఎవరూ ఇవ్వరు. పెట్టె బిగిస్తే గంటలో పని, చేతినిండా డబ్బు. నేనూ బిగించాను, ఎందుకు అబద్ధమాడాలి? కానీ నీ బండికి ఏమొచ్చిందో తెలుసుకోకుండా పెట్టె పెడితే, రోగం ఏ వైరులోనో ఉన్నట్టయితే అది పెట్టెతో పాటే మారేడుమిల్లి దాకా వస్తుంది. చల్లటి ఇంజను మీద, వాల్వులను తెరిచే పుష్‌రాడ్లు వేళ్లకు తిరగాలి, పైకీ కిందికీ ఆడకూడదు. ఆ లెక్క చూసుకుని టాపెట్లు సరిచేసేవాడికి పాయింట్లు ఒక లెక్కా?

సాగరతీరం:

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మా ఆయన బండి కూడా ఇలాగే 30, 40 కిలోమీటర్లకు ఆగేది. చూస్తే ట్యాంకు మూతలోని గాలి రంధ్రం పూడుకుపోయింది. లోపలికి గాలి వెళ్లక కార్బురేటర్‌కు పెట్రోలు దిగేది కాదు. మూత తెరవగానే ఉస్సుమని చప్పుడు వచ్చేది, వెంటనే బండి లేచేది. రెండు వేల రూపాయలు వదిలాక తెలిసింది. ఇప్పుడు వస్తున్న 20 శాతం ఇథనాల్ పెట్రోలుకు పాత రబ్బరు పైపులు ఉబ్బి మెత్తబడుతున్నాయి, వాటినీ ఒకసారి చూడండి.

ఆటోనగర్ పాతకాపు:

మంచి మాట చెప్పావమ్మా. మూతే కారణమైతే అరగంట ఆగనక్కర్లేదు, తెరిచి మూసిన నిమిషంలో లేస్తుంది. ఖర్చు లేని పని కాబట్టి మొదట అదే చూడాలి.

నల్లమల బాటసారి:

ఆదివారం మొత్తం దీనికే పోయింది.

ట్యాంకు మూత తెరిస్తే చప్పుడు లేదు. సందె వేళ షంషాబాద్ దాకా వెళ్లి వచ్చి, ఇంజను ఆడుతుండగానే కవరు తీశాను. నీలి మంట ఆగకుండా ఆడుతోంది. తమ్ముడు దీపావళి ముందే వచ్చిందన్నాడు. ఇంజను ఆపి చూస్తే పాయింట్ల మీద గుంట, గుట్ట రెండూ ఉన్నాయి.

బజారుకు వెళ్లి కొత్త పాయింట్లు, కొత్త కండెన్సర్ తెచ్చి వేశాను. సందు 0.38 పెట్టాను. టైమింగుకు 12 వోల్టుల బల్బు ఒక కొసను కాయిల్ నుంచి పాయింట్లకు వెళ్లే వైరుకు, రెండో కొసను ఇంజనుకు తగిలించాను. పాయింట్లు తెరుచుకున్న క్షణాన బల్బు వెలగాలి, వెలిగింది. గర్వంగా తిప్పుకొచ్చి మళ్లీ కవరు తీశాను.

అదే నీలి మంట. కొత్త కండెన్సరే చచ్చింది!

రెండో కొట్టులో తెచ్చిన దానితో మంట మాయమైంది. దీన్ని డబ్బాలో పెట్టలేదు. వైరు పొడిగించి ట్యాంకు కింద, కాయిల్ పక్కన, రంగు గీకి ఎర్త్ గట్టిగా తగిలేలా బిగించాను. అక్కడ వేడి తక్కువ.

ఇంకో సంగతి కూడా బయటపడింది. డిస్ట్రిబ్యూటర్ ఇరుసును వేలితో పక్కకు నెడితే సందు 0.38 నుంచి 0.45కు మారుతోంది. ఇరుసును పట్టి ఉంచే బుష్ అరిగిందన్నమాట. ఇది చెబితే మాస్టారికి పండగే అని తెలుసు.

సెన్సర్ మాస్టారు:

పండగే మరి. ఒక ఆదివారం, రెండు కండెన్సర్లు, ఒక బల్బు, చివరికి అరిగిన బుష్. ఇరుసు అలా ఊగుతుంటే ప్రతి రవ్వా తన ఇష్టం వచ్చినప్పుడు పడుతుంది. కొట్టులో కొన్న కొత్త వస్తువే చచ్చి పుడుతుంటే, దారిలో మార్చుకోవచ్చు అనే వాదన ఎక్కడ నిలుస్తుంది?

కాకినాడ కిక్కు:

ఇరుసు ఊగితే మీ అయస్కాంతం కూడా ఊగుతుంది మాస్టారూ. సెన్సర్ దాన్ని కాస్త ఓర్చుకుంటుంది, అంతే. పైగా ఆయన చచ్చిన కండెన్సర్‌ను మెట్ల మీద కూర్చుని కనిపెట్టారు. చచ్చిన పెట్టెను మీరు ఎలా కనిపెడతారు? ఇంకో పెట్టె కొనా?

సెన్సర్ మాస్టారు:

ఇంకో పెట్టె ఎందుకు? తీసేసిన పాయింట్ల ప్లేటును, బరువులను, కండెన్సర్‌తో సహా సీటు కింద గుడ్డలో చుట్టి పెట్టుకున్నాను. అవసరమైతే అరగంట పని.

కాకినాడ కిక్కు:

అంటే మీ సీటు కింద పాయింట్లు ఉన్నాయి! ఏడేళ్లుగా ఉన్నాయి! ఈ మాట మొదటి రోజే చెప్పి ఉంటే ఇంత రాయకపోదును.

ఆటోనగర్ పాతకాపు:

బాబూ, బుష్ లేత్ పని, ఇంట్లో అయ్యేది కాదు. ఇరుసు పట్టుకెళ్లి దానికి సరిపడా కొత్త బుష్ తిప్పించు. ఊరికే సుత్తితో కొట్టి ఎక్కించనివ్వకు. రెండో కొట్టులో దొరికిన కండెన్సర్ ఇంకొకటి కొని, ముందు బండికి వేసి 50 కిలోమీటర్లు తిప్పి, బతికే ఉందని తేలాక తీసి సంచిలో పెట్టుకో. కొత్తది కదా అని పరీక్షించకుండా దాచుకున్నది అడవిలో అక్కరకు రాదు.

నల్లమల బాటసారి:

బుష్ పని అయిపోయింది. నిన్న డిండి దాకా వెళ్లి వచ్చాను, ఒక్క దగ్గు లేదు. ఇప్పుడు ఇరుసును నెడితే ఫీలర్ గేజికి తేడా తెలియడం లేదు. పాయింట్లతోనే విశాఖ వెళ్తున్నాను. మాస్టారి పద్ధతిని తిరగేసి, పూర్తిగా సరిచేసిన రెండో ప్లేటు ఒకటి సీటు కింద పెట్టుకుంటున్నాను.

నాన్నను పిలిచి కవరు తీసి చూపించాను. కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు. "కామ్ దగ్గర ఫెల్టు గుడ్డ మీద గ్రీజు ఎక్కువ పూశావు. వేడికి కరిగి పాయింట్ల మీదికి చిమ్ముతుంది, తుడువు" అన్నారు. తుడిచాను.

సెన్సర్ మాస్టారు:

మా బండికి ఫెల్టే లేదు. విశాఖ చేరాక అమ్మీటర్ ఫొటో పెట్టండి.