ఎనిమిది వారాల కూనని చూసి పోలీస్ జాగిలాన్ని ఎంచుకోవచ్చా?

కూనల_లెక్క:
మన పోలీసు డాగ్ స్క్వాడ్‌లు ఎక్కువగా కుక్కపిల్లల్నే కొంటాయి. కూనని తెచ్చి హ్యాండ్లర్‌కి, అంటే దాంతో పనిచేయబోయే పోలీసుకి అప్పగించి, మొయినాబాద్ ఐఐటీఏ (పోలీసు జాగిలాలకి శిక్షణ ఇచ్చే అకాడమీ) లాంటి చోట నెలల తరబడి కోర్సు చేయిస్తారు. యూరప్‌లో చాలా దళాలు మాత్రం ఏడాది దాటిన, పని ఇంకా నేర్పని కుక్కని పరీక్షించి కొంటాయి. ఏడెనిమిది వారాల పిల్ల స్వభావం చూసి ఎంచుకునే '49వ రోజు పరీక్ష'కి నిజంగా విలువుందా? లేక మనమూ 12–15 నెలల కుక్కలకే వెళ్లాలా? ల్యాబ్రడార్, బెల్జియన్ మాలినోయిస్ జాతులు రెండింటి గురించీ చెప్పండి.

బెల్జియన్_పక్షం:
విలువ లేదు. స్వీడన్‌లో జర్మన్ షెపర్డ్ పిల్లల్ని 8 వారాలకి పరీక్షించి, పెద్దయ్యాక మళ్లీ పరీక్షించారు. ఆ ఫలితాలు 1998లో వచ్చాయి. చిన్నప్పటి మార్కులకీ పెద్దయ్యాక తీరుకీ పొంతన కుదరలేదు. కుదరదు కూడా. ఆ వయసులో పిల్ల ఇప్పుడే నిద్ర లేచిందా, కడుపు నిండా తాగిందా అన్నదాన్ని బట్టే మార్కులు మారిపోతాయి. తుంటి కీలు సరిగ్గా ఉంటుందో లేదో 8 వారాలకి ఎవరూ చెప్పలేరు. ఏడాది దాటితే ఎక్స్‌రే తీసి చూసుకోవచ్చు.

పెద్ద కుక్కకి అయితే పరీక్ష సులువు. పొద్దున్నే, ఎండెక్కకముందు, మోకాలి ఎత్తు గడ్డిలోకి బంతి విసరండి. బంతి కనబడకుండా పోయాక కుక్కని అర నిమిషం పట్టుకుని ఆపి వదలండి. నిమిషంలోపే తల తిప్పి మనిషి మొహం చూసిందా, వద్దు. ఐదు నిమిషాలైనా ముక్కు దించి వెతుకుతూనే ఉందా, డబ్బు కట్టేయండి. తర్వాత నున్నటి టైల్స్, కింద నేల కనబడే ఇనుప గ్రిల్ మెట్లు, చీకటి గది. అదే బంతిని ఈ మూడు చోట్లా వేసి చూడాలి. బయట సింహంలా ఉండే కుక్క గ్రిల్ మెట్ల దగ్గర బిగుసుకుపోవడం మామూలే.

కెన్నెల్‌కీపర్:
అన్నా, నువ్వు చెప్పేది బానే ఉంది, ఆ కుక్కని 15 నెలలు మేపేదెవరు? ఇక్కడ బ్రీడర్ 45 రోజులకే అమ్మేస్తాడు. బయట దొరికే ఏడాది కుక్కలు రెండే రకాలు: ఓనర్ భరించలేక వదిలించుకునేవి, ఇంకెవరో చూసి వద్దన్నవి. పైగా టెండర్‌లో తక్కువ రేటు వేసినవాడిదే మాట. ఆ రేటుకి పెంచి ఇచ్చే బ్రీడర్ ఎవడూ ఉండడు.

పరీక్షలన్నీ దండగ అనడమూ తప్పే. 1999లో దక్షిణాఫ్రికా పోలీసు కుక్కల మీద వచ్చిన అధ్యయనంలో 8 వారాలప్పుడు వస్తువు తెచ్చి ఇచ్చే పరీక్షకీ, 9 నెలలప్పుడు ఎదురుతిరిగే పరీక్షకీ తర్వాతి పనితో సంబంధం కనబడింది. అంటే ఏం పరీక్షిస్తున్నాం అన్నది ముఖ్యం. వెల్లకిలా పడుకోబెట్టి ఎంతసేపు గింజుకుంటుందో చూడటం నేనైతే లెక్కలోకి తీసుకోను.

చెయ్యాల్సింది ఇది. పిల్ల ఎన్నడూ చూడని గది, పరిచయం లేని మనిషి, తల్లి వాసన కూడా రాని దూరం. ఒక్కో పిల్లనే తేవాలి, తిన్న రెండు గంటల తర్వాత తేవాలి. తడి గుడ్డముక్కని నేల మీద లాగి రెండు గజాల దూరం విసరండి. మూడుసార్లలో రెండుసార్లు వెళ్లి నోట పట్టాలి. వెనక్కి తేకపోయినా పర్లేదు. తర్వాత గుడ్డని అట్టపెట్టె వెనక దాచండి. వెతుకుతుందా, కూర్చుని ఏడుస్తుందా? చివర్న, పిల్ల అటు తిరిగి ఉన్నప్పుడు నాలుగు గజాల దూరంలో స్టీల్ పళ్లెం కింద పడేయండి. అదిరిపడటం తప్పు కాదు. కాసేపటికైనా ఆ పళ్లెం దగ్గరికి వాసన చూడ్డానికి వచ్చిందా లేదా, అదీ లెక్క. మూలకి దూరి రాని పిల్లని వదిలేయాలి. ఈ పరీక్ష ఒక ఈతలో పుట్టిన వాటిలో బెస్ట్ పిల్ల ఏదో చెప్పదు, పనికిరాని రెండింటిని తీసేస్తుంది, అంతే. తల్లిదండ్రులు పనిచేసే కుక్కలా కాదా అన్నది దీనికంటే ఎక్కువ చెబుతుంది.

వెట్_వరంగల్:
ఇద్దరూ మధ్య కాలాన్ని వదిలేశారు. మూడో వారం నుంచి 12–14 వారాల వరకు పిల్ల ఏం చూస్తే అది మామూలు అవుతుంది. మన దగ్గర సరిగ్గా అప్పుడే పార్వో (కుక్కపిల్లల ప్రాణం తీసే వాంతులు, విరేచనాల వైరస్) భయంతో కెన్నెల్లో పెట్టి తాళం వేస్తారు. నాలుగు నెలలకి రైల్వే ప్లాట్‌ఫాం మీద దింపితే తోక కాళ్ల మధ్య పెట్టేస్తుంది. అప్పుడు "పిల్ల పిరికిది" అని రాస్తారు.

టీకాలు 6–8 వారాలకి మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి వేస్తూ 16 వారాలు నిండేదాకా వెళ్లాలి. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు ముందు డోసుల్ని పనిచేయనివ్వకపోవచ్చు కాబట్టి చివరి డోసు ఎగ్గొట్టకూడదు. ఈలోగా పిల్లని ఎత్తుకునో, జీపులో క్రేట్‌లోనో (కుక్కని పెట్టే పెట్టె) బస్టాండ్‌కి, స్టేషన్‌కి, మార్కెట్‌కి తీసుకెళ్లండి, ఊరకుక్కలు తిరిగే నేల మీద మాత్రం దింపొద్దు. కెన్నెల్ నేలకి ఫినాయిల్‌ని నమ్ముకోకండి, పార్వో దానికి లొంగదు. ముందు మురికి కడిగేసి, ఇళ్లలో వాడే బ్లీచ్ ద్రవం ఒక పాలుకి 30 పాళ్లు నీళ్లు కలిపి పది నిమిషాలు తడిగా ఉంచండి. మురికి మీదే పోస్తే బ్లీచ్ చచ్చుబడిపోతుంది.

బెల్జియన్_పక్షం:
@వెట్_వరంగల్ సర్, ఒప్పుకుంటా. కానీ అది నా వాదనకే బలం. ఇన్ని తప్పులు జరిగే కాలాన్ని మనమెందుకు నెత్తిన వేసుకోవాలి? ఇంకోటి కూడా ఉంది. కూనకి మూడు నెలలకే సిట్, స్టే, హీల్ (పక్కనే అంటిపెట్టుకుని నడవడం) బిగిస్తారు, పరేడ్‌లో బావుంటుందని. ఆ పిల్ల పెద్దయ్యాక గదిలోకి వదిలితే ముందు హ్యాండ్లర్ మొహం చూస్తుంది. వెతకమని ఎవరో చెప్పాలని ఎదురుచూసే కుక్క స్నిఫర్‌గా, అంటే వాసన పట్టి సరుకు వెతికే కుక్కగా పనికిరాదు. నాలుగు నుంచి ఆరు నెలల్లో పళ్లు మారుతుంటే టగ్ ఆట (గుడ్డని నోట పట్టించి లాగడం) గట్టిగా ఆడించి, నొప్పితో పట్టు వదిలేయడం అలవాటు చేసేవాళ్లూ ఉన్నారు.

పాతకాపు:
కూనా పెద్దదా అని కొట్టుకుంటున్నారు గానీ, మంచి కుక్కని కూడా వాసన పట్టించే దశలో పాడుచేయొచ్చు. గంజాయి స్నిఫర్‌నే తీసుకోండి. ఏవోబీ (ఆంధ్రా–ఒడిశా సరిహద్దు) వైపు నుంచి వచ్చే సరుకు ఎక్కువగా బ్రౌన్ టేప్ చుట్టిన ప్యాకెట్లలో ఉంటుంది. ట్రైనింగ్‌లోనూ అలాంటి ప్యాకెట్టే దాస్తారు. కుక్క నేర్చుకునేది గంజాయి వాసనో, టేపు గమ్ము వాసనో ఎవరికి తెలుసు? అందుకే ఐదు డబ్బాల వరుసలో ఒకదాంట్లో సరుకు పెడితే, మిగిలిన నాలుగింట్లో ఖాళీ బ్రౌన్ టేపు ఉండ, పాలిథీన్, సరుకు తాకని కొత్త గ్లవ్స్, చేతి వాసన తగిలిన గుడ్డ ఉండాలి. రోజూ డబ్బాల చోటు మార్చాలి, సరుకు పెట్టిన డబ్బాని ఖాళీదిగా మళ్లీ వాడకూడదు. అసలేమీ లేని వరుసలు కూడా మధ్యమధ్య పెట్టాలి, లేకపోతే కుక్క, సరుకు దొరికిందని చెప్పడానికి కూర్చునేది, ప్రతి వరుసలోనూ ఎక్కడో ఒకచోట కూర్చోవాలని నేర్చుకుంటుంది. పేలుడు పదార్థాల శాంపిళ్లన్నీ ఒకే పెట్టెలో కుక్కితే ఒకదాని వాసన ఇంకోదానికి అంటుతుంది, తర్వాత కుక్కని తిట్టి లాభం లేదు.

సరుకు ఎక్కడుందో హ్యాండ్లర్‌కి తెలియకూడదు. 2011లో అమెరికాలో 18 కుక్క–హ్యాండ్లర్ జతలతో ఓ ప్రయోగం చేశారు. ఎక్కడా ఏ వాసనా పెట్టలేదు, ఎర్ర కాగితం అంటించినచోట సరుకుందని మాత్రం హ్యాండ్లర్లకి చెప్పారు. ఆ కాగితాల దగ్గరే అలర్టులు (సరుకు దొరికిందన్న సంకేతాలు) ఎక్కువొచ్చాయి. మనిషి నడక నెమ్మదిస్తే చాలు, కుక్కకి తెలిసిపోతుంది.

కూనల_లెక్క:
సరే, పిల్లల్నే కొనక తప్పదు అనుకుందాం. తర్వాత ఆ పిల్ల పనికిరాదని తేలితే?

కెన్నెల్‌కీపర్:
టెండర్‌లోనే రాయాలి. పళ్లు మారాక, ఏడో నెలలో గడ్డిలో బంతి పరీక్ష మళ్లీ పెడతాం, అందులో పోతే, లేదా ఏడాదికి తీసే ఎక్స్‌రేలో తుంటి బాగోలేకపోతే, బ్రీడర్ ఇంకో పిల్లనివ్వాలి అని. ఆ షరతుకి రేటు కొంచెం పెరుగుతుంది, పెరగనీ.

బెల్జియన్_పక్షం:
షరతు రాస్తారు, అమలు చేయరు. ఏడు నెలలు తనతో తిరిగిన కుక్కని ఏ హ్యాండ్లరూ ఫెయిల్ అని రాయడు. ఆ రోజు బంతి విసిరేవాడు వేరే జిల్లా స్క్వాడ్ నుంచి రావాలి.