టాబ్లెట్ మీద పెన్నుతో రాస్తే చేతిరాత పాడవుతోంది, ఏం చేయాలి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. పెన్నుతో రాసే విండోస్ 11 టాబ్లెట్ తీసుకుని పది రోజులైంది. నోట్సు చేత్తోనే రాసుకోవచ్చని ఎంతో ఇష్టంగా తీసుకున్నాను. కాగితం మీద నా రాత బాగానే ఉంటుంది. దీని మీద మాత్రం కొత్తగా పలక పట్టిన పిల్లల రాతలా వస్తోంది. అరచెయ్యి ఆనితే పేజీ జరిగిపోతోంది, చుక్కలు పడుతున్నాయి. అందుకే చెయ్యి గాల్లో ఉంచి రాస్తున్నాను. అరగంటకే మణికట్టు లాగేస్తోంది. మౌస్‌లా రైట్ క్లిక్ ఎలా చేయాలో కూడా తెలియడం లేదు. ఇది అలవాటయ్యేదేనా, తిరిగి ఇచ్చేయాలా? టెన్షన్‌గా ఉంది.

జవాబు:
తిరిగి ఇచ్చేయకండి. మీ ఇబ్బందిలో ముప్పావు వంతు చెయ్యి గాల్లో ఉంచడం వల్లే వస్తోంది. కాగితం మీద రాసేటప్పుడు చిటికెన వేలి పక్క భాగం కాగితానికి ఆనుకుని ఉంటుంది, ఆ ఆసరాతోనే మిగతా వేళ్లు ఆడతాయి. ఆ ఆసరా తీసేస్తే ఎవరి రాతైనా వంకర్లు పోతుంది.

సెట్టింగ్స్‌లో బ్లూటూత్ అండ్ డివైసెస్, అందులో పెన్ అండ్ విండోస్ ఇంక్ తెరవండి. పెన్ను వాడేటప్పుడు వేలి స్పర్శను పట్టించుకోవద్దనే ఆప్షన్ ఉంటుంది, ఆన్ చేయండి. మీరు ఏ చేత్తో రాస్తారో కూడా అక్కడే చెప్పండి. లేకపోతే మెనూలు మీ చేతి కిందే తెరుచుకుంటాయి.

ఇప్పుడు అసలు కిటుకు. ముందు చెయ్యి ఆనించి తర్వాత పెన్ను దించకండి. ముందు పెన్ను మొనను అద్దం దగ్గరకు తీసుకురండి. ఇంచుమించు ఒక సెంటీమీటరు దూరంలోకి రాగానే, ఇంకా తాకకముందే, తెర మీద చిన్న చుక్క కనిపిస్తుంది. పెన్ను వచ్చిందని తెరకు తెలిసినట్టే. అప్పుడు ధైర్యంగా చెయ్యి ఆనించండి, పేజీ కదలదు. నాకు ఈ వరస అలవాటు కావడానికి వారం పట్టింది. అప్పటి నుంచి కాగితం జోలికి పెద్దగా పోలేదు.

రైట్ క్లిక్‌కి మొనను ఒకే చోట నొక్కి ఉంచండి, చుట్టూ ఒక వలయం పూర్తయ్యాక వదలండి. 2002లో విండోస్ ఎక్స్‌పీ టాబ్లెట్ పీసీ ఎడిషన్ వచ్చినప్పటి నుంచీ ఉన్న పద్ధతే ఇది. పెన్ను పక్కన బటన్ ఉంటే, దాన్ని నొక్కి తాకినా చాలు.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్సండి! చుక్క కనిపించాక చెయ్యి పెడుతుంటే పేజీ జరగడం లేదు. ఇంకో సందేహం. కింద ఎడమ మూలకు వచ్చేసరికి గీత పక్కకు జరుగుతోంది. పెన్నులో బ్యాటరీ లేదు. పెన్ను పాడైందంటారా?

మరొకరి జవాబు:
పెన్ను పాడైతే ఒక్క మూలలోనే తేడా రాదండి. టాబ్లెట్‌కి అయస్కాంతంతో మూసుకునే కవర్ ఉందా? ఉంటే తీసేసి చూడండి. బ్యాటరీ లేని పెన్నుకి శక్తి తెర నుంచే వస్తుంది. తెర వెనక ఉన్న తీగల వల అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తే, పెన్నులోని తీగచుట్ట దానికి స్పందిస్తుంది. ఆ స్పందనను బట్టే మొన ఎక్కడుందో తెర లెక్కగడుతుంది. 2011లో వచ్చిన మొదటి శాంసంగ్ గెలాక్సీ నోట్ ఫోన్‌తో ఇచ్చిన ఎస్ పెన్ కూడా ఇలాగే పనిచేసేది. పక్కనే వేరే అయస్కాంతం ఉంటే ఆ లెక్క తప్పుతుంది.

ప్రశ్న అడిగినవారు:
మీరన్నది నిజమే! కవర్‌ను వెనక్కి మడిచినప్పుడు దాని అంచు సరిగ్గా ఆ మూల కిందే ఉంటోంది. తీసేశాక గీత తిన్నగా వస్తోంది. చేతిరాత మాత్రం ఇంకా పూర్తిగా కుదరలేదు. ఒత్తులు ఒకదానిలో ఒకటి కలిసిపోతున్నాయి.

మొదట జవాబిచ్చినవారు:
అద్దం నున్నగా ఉంటుంది కాబట్టి మొన మనం అనుకున్న చోట ఆగదు. తెలుగులో ఈ ఇబ్బంది ఎక్కువ, ‘స్త్రీ’ రాస్తే ఒక్క అక్షరమే మూడు అంతస్తులు. పేజీని 150 శాతానికి పెద్దది చేసి, గీతల కాగితం పెట్టుకుని రాయండి, తర్వాత మామూలు సైజుకి తగ్గించి చూడండి. గరుకు ఫిల్మ్ అతికిస్తే కాగితంలాగే ఉంటుంది కానీ మొన త్వరగా అరుగుతుంది. చాలా పెన్నులకు మొన మార్చుకోవచ్చు, మీ పెన్నుకి ఆ వీలుందో లేదో చూసుకుని ఫిల్మ్ వేయించండి. రాసిందాన్ని వెంటనే టైపు అక్షరాల్లోకి మార్చాలని చూడకండి. చేతిరాతగానే ఉంచితే లాసో టూల్‌తో (చుట్టూ గీత గీసి ఎంచుకునే సాధనం) చుట్టి ఎటైనా జరుపుకోవచ్చు. నేను పాఠం మధ్యలో మర్చిపోయిన పేరాకి ఇలాగే చోటు చేస్తాను.