లండన్‌లో గ్రౌండ్ ఫ్లోర్ ఫ్లాట్‌కు పక్కన గది పెంచుకోవడం

ప్రశ్న: లండన్‌లో పాత విక్టోరియన్ ఇంటి గ్రౌండ్ ఫ్లోర్ ఫ్లాట్‌ను లీజుపై కొన్నాం. వంటగది పక్కన సరిహద్దు గోడ వరకు ఉన్న సన్నని ఖాళీ స్థలాన్ని కలుపుకోవాలనుకుంటున్నాం. ఇళ్లకు ఉన్న ప్లానింగ్ మినహాయింపు (చిన్న విస్తరణలకు స్థానిక కౌన్సిల్ అనుమతి అడగనక్కరలేని వెసులుబాటు) మాకూ వర్తిస్తుందా?

జవాబు 1: వర్తించదండి. ఆ మినహాయింపు ఫ్లాట్లకు లేదు కనుక, గది ఎంత చిన్నదైనా కౌన్సిల్‌కు పూర్తి దరఖాస్తు పెట్టుకోవాలి.

జవాబు 2: అంతకంటే ముందు లీజు పత్రం చూడండి. ఆ స్థలం మీ లీజులో చేరి ఉందో, ఫ్రీహోల్డర్ (భవనం, స్థలాల అసలు యజమాని) చేతిలోనే ఉందో తేలకుండా ఆర్కిటెక్టుకు డబ్బు కట్టవద్దని గట్టిగా చెబుతున్నాను. ఆ తొందరపాటుతో మేము నష్టపోయాం. స్థలం మీదే అయినా, సాధారణంగా ఫ్రీహోల్డర్ రాతపూర్వక సమ్మతి కావాలి.

జవాబు 3: పక్కింటికి 3 మీటర్లలోపు, వారి పునాది కంటే లోతుగా తవ్వేట్లయితే, 1996 నాటి పార్టీ వాల్ (ఉమ్మడి గోడల) చట్టం ప్రకారం కనీసం నెల ముందు వారికి నోటీసు ఇవ్వాలి.