నెరేటర్‌ని మార్చాలా? ఆ సీన్ తీసేయాలా? రాసేవాళ్ళు కాస్త చెప్పండి

నవల మొదటి డ్రాఫ్ట్ అయింది, ఇప్పుడు తిరగరాయడం దగ్గర ఇరుక్కున్నా. కథ కూతురు చెప్తుంది, ఫస్ట్ పర్సన్‌లో, కానీ తల్లి మనసులో ఏముందో తెలియకపోతే చివరి గొడవకి అర్థమే ఉండదు, అలాగని థర్డ్ పర్సన్‌లోకి మారిస్తే కూతురి గొంతులో ఉన్న కోపం, వెటకారం అంతా చప్పబడిపోతోంది. ఉత్తరమో డైరీయో దొరికినట్టు పెట్టడం నాకు నచ్చదు, మరీ సులువు దారి అది.

ఇంకోటి, చదివిన ఫ్రెండ్ ఆసుపత్రి సీన్ తీసేయమంది. నిజమే, కథకి అది అక్కర్లేదు, కానీ మా అమ్మ పోయాక నేను రాయగలిగింది అదొక్కటే, డిలీట్ చేద్దామంటే చెయ్యి ఆడట్లేదు.

మీలో ఎవరైనా తల్లికి విడిగా చాప్టర్లు ఇచ్చి చూశారా, రెండు గొంతులు ఒకేలా వినపడకుండా ఏం చేశారు? సొంత బాధ ఉన్న సీన్లు ఎలా కోశారు? కొన్నాళ్ళు పక్కన పెట్టమని మాత్రం అనకండి, పెట్టి చూశా.