సొంత ఫోను బిల్లు మొత్తం వృత్తి ఖర్చుగా రాసుకోవచ్చా?

నిద్రలేని టెస్టర్:
హైదరాబాదులో ఒక కంపెనీకి కాంట్రాక్టు మీద సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. జీతం కాదు, వృత్తి ఫీజులకు వర్తించే 194జె సెక్షన్ (1961 ఆదాయపు పన్ను చట్టం) కింద 10 శాతం పన్ను టీడీఎస్‌గా ముందే కోసుకుని మిగతాది ఇస్తారు. ఏడాదికి 18 లక్షలు. ఈమధ్యే 42,000 పెట్టి ఫోను కొన్నాను. నెల బిల్లు వెయ్యి దాకా వస్తుంది, అదే ప్లానులో మా ఆవిడ నంబరు కూడా ఉంది. లాగిన్ ఓటీపీలు, అర్ధరాత్రి కాల్స్ అన్నీ నా నంబరుకే. ఇదంతా ఖర్చు కింద చూపించవచ్చా? మా సీఏ ఫోనెత్తడం లేదు.

కూకట్‌పల్లి కన్సల్టెంట్:
మొత్తం చూపించండి. ఆ ఫోను లేకపోతే మీకు పనే లేదు. నేను ఏళ్ల తరబడి నూటికి నూరు శాతం రాస్తున్నాను, ఇంతవరకు అడిగిన నాథుడు లేడు.

అకౌంట్స్ అవధాని:
అడిగిన నాథుడు లేకపోవడం చట్టం కాదు. అదే 1961 చట్టం సెక్షన్ 37(1) ప్రకారం ఆ ఖర్చు పూర్తిగా, కేవలం వృత్తి కోసమే పెట్టినదై ఉండాలి. సొంత ఖర్చు కాకూడదు, మూలధన ఖర్చూ కాకూడదు. కాబట్టి మీ ఆవిడ నంబరు బిల్లు అసలు లెక్కలోకే రాదు. మీ నంబరులో సొంత వాడకం ఎంతో న్యాయంగా అంచనా వేసి ఆ మేరకు తగ్గించాలి. ఇక 42,000 ఒకే ఏడాదిలో రాసుకునేది కాదు, అది ఆస్తి. దాని విలువలో ఏటా కొంత తరుగుదలగా రాసుకోవాలి. అది 15 శాతం, అంటే మొదటి ఏడాది 6,300. ఆ ఏడాదిలో 180 రోజులకన్నా తక్కువ వాడితే అందులో సగమే. దానిలోనూ సొంత వాడకం వాటాను 38(2) కింద కోస్తారు.

మౌనముని:
44ఏడీఏ అంచనా లాభం పద్ధతి తీసుకోండి. ఈ గొడవ ఉండదు.

కూకట్‌పల్లి కన్సల్టెంట్:
15 శాతమా? ఇప్పటి ఫోను కంప్యూటర్ కాక మరేమిటి? కంప్యూటర్‌కు 40 శాతం ఉంది. 16,800 వస్తుంది.

అకౌంట్స్ అవధాని:
ఆ వాదన ఫెడరల్ బ్యాంకు కేరళ హైకోర్టులో చేసి ఓడిపోయింది. మొబైలు ఫోను కంప్యూటర్ కాదని తీర్పు. అప్పట్లో కంప్యూటర్ల రేటు 60 శాతం కాబట్టి బ్యాంకుకు అంత ఆశ.

కూకట్‌పల్లి కన్సల్టెంట్:
అది బటన్ల ఫోన్ల కాలం నాటి తీర్పు.

విజయవాడ వాసి:
కనెక్షన్ ఎవరి పేరు మీద ఉందో ముందు అది చెప్పండి. మా అన్నయ్య బిల్లు ఇప్పటికీ మా నాన్నగారి పేరు మీదే వస్తుంది.

కూకట్‌పల్లి కన్సల్టెంట్:
పేరు సంగతి తర్వాత. అవధాని గారూ, నాకొకటి చెప్పండి. మా అమ్మ ఊరి నుంచి ఫోను చేస్తే ఆ నిమిషాలు బిల్లులోంచి తీసేయాలా? అన్‌లిమిటెడ్ ప్లాను అది. అమ్మ మాట్లాడినా బిల్లు అంతే, మాట్లాడకపోయినా అంతే. మరి తగ్గించేది దేన్ని?

అకౌంట్స్ అవధాని:
అదే తర్కం తిప్పి అడుగుతాను. ఆఫీసు వాళ్లు చేసినా బిల్లు అంతే, చేయకపోయినా అంతే. రేపు ఈ పని మానేస్తే ఫోను కూడా మానేస్తారా? అప్పుడూ అదే ప్లాను కడతారు. అలాంటప్పుడు అది కేవలం వృత్తి కోసం ఎలా అయింది?

కూకట్‌పల్లి కన్సల్టెంట్:
అమ్మ నిమిషాల గురించి జవాబు రాలేదు.

ఫారం పదహారు:
నాది జీతం ఉద్యోగం. నా మొబైలు బిల్లు కంపెనీయే కడుతుంది, ఆదాయపు పన్ను రూల్స్‌లో ఉన్న మినహాయింపు వల్ల దాని మీద నాకు పన్ను లేదు. సొంత కాల్స్ ఎన్ని అని ఎవరూ అడగరు. మీకెందుకీ తిప్పలు?

కూకట్‌పల్లి కన్సల్టెంట్:
ఎందుకో చెబుతాను, వినండి. నేనూ ఒకప్పుడు మీలాగే ఉన్నాను. ఇదే పని, ఇదే కుర్చీ. ఒక మార్చి నెలాఖరున పిలిచి, ఏప్రిల్ నుంచి మీరు కన్సల్టెంట్లు, ఇక్కడ సంతకం పెట్టండి అన్నారు. పీఎఫ్ పోయింది, గ్రాట్యుటీ పోయింది, ఇంటిల్లిపాదికీ ఉన్న ఆరోగ్య బీమా పోయింది. ఆఫీసు ఇచ్చిన సిమ్ కూడా వెనక్కి తీసుకున్నారు. కాల్స్ మాత్రం తీసుకోలేదు, అవి నా సొంత నంబరుకు వస్తున్నాయి. దసరా రోజు భోజనం మధ్యలో లేచి వెళ్లి మాట్లాడాను. పక్క సీటు ఉద్యోగి తన పెళ్లాం పిల్లలతో గంటలు మాట్లాడినా ఆ బిల్లుకు పన్ను లేదు, నేను మాత్రం మా అమ్మ నిమిషాలు లెక్కపెట్టుకోవాలి! ఒక్క రూపాయి కూడా తగ్గించను. ఏం చేసుకుంటారో చేసుకోండి.

అకౌంట్స్ అవధాని:
ఇప్పటికి అసలు సంగతి బయటికి వచ్చింది. మీ బాకీ కంపెనీ దగ్గర ఉంది, మీరు వసూలు చేస్తున్నది పన్ను శాఖ దగ్గర. ఇన్వాయిస్‌లో ఫోను ఖర్చు విడిగా వేసి ఎప్పుడైనా కంపెనీని అడిగారా?

కూకట్‌పల్లి కన్సల్టెంట్:
అడిగితే కాంట్రాక్టు పొడిగిస్తారా? ఆ సంతకాల కాగితాలు తయారు చేసింది మీలాంటి అకౌంట్స్ వాళ్లే.

అకౌంట్స్ అవధాని:
నోరు జారకండి. నాకూ పీఎఫ్ లేదు, నెలవారీ ఫీజు మీదే బతుకుతున్నాను. ఒక క్లయింటు మీలాగే మొండికేసి ఫోను, ఇంటర్నెట్ నూరు శాతం రాయించాడు. నోటీసు వచ్చింది. కాల్ వివరాలు పట్టుకుని ఎండలో తిరిగింది నేను. చివరకు నన్నే తిట్టి నా ఫీజు ఎగ్గొట్టాడు.

ఇంకొక మాట. ఇదే పని, ఇదే కుర్చీ అని మీరు రాసినది అధికారి చదివితే, అది వృత్తి ఆదాయం కాదు, జీతమే అనవచ్చు. అప్పుడు ఫోను ఒక్కటే కాదు, ఏ ఖర్చూ నిలవదు. ఆసుపత్రుల కన్సల్టెంట్ డాక్టర్లకు జీతంగా 192 కింద పన్ను కోయాలా, ఫీజుగా 194జె కింద కోయాలా అనే తగాదాల్లో కోర్టులు చూసింది ఇవే: పీఎఫ్ ఉందా, సెలవులున్నాయా, బయట పని చేసుకునే వీలుందా అని. మీకు పోయిన పీఎఫే మీరు కన్సల్టెంట్ అనడానికి సాక్ష్యం.

కూకట్‌పల్లి కన్సల్టెంట్:
అంటే నన్ను ముంచినదే నాకు దిక్కు అంటారు. బాగుంది మీ చట్టం.

ఫారం పదహారు:
నేను మామూలుగా అడిగాను, ఇంత అవుతుందనుకోలేదు.

మౌనముని:
టెస్టర్ గారూ, నిరుడు ఏ రిటర్ను వేశారు?

నిద్రలేని టెస్టర్:
ఐటీఆర్-4. సీఏ గారే వేశారు.

మౌనముని:
అందులో 44ఏడీఏ కింద సగం చూపించి ఉంటారు. 18 లక్షల వసూళ్లలో సగం, అంటే 9 లక్షలు లాభం. మిగతా సగంలోనే ఫోను, తరుగుదల, కరెంటు అన్నీ కలిసిపోయినట్లు లెక్క. విడిగా ఒక్క పైసా రాయడానికి లేదు. 2025-26 ఆర్థిక సంవత్సరం నుంచి కొత్త పన్ను విధానంలో 12 లక్షల దాకా రిబేటు ఉంది కాబట్టి, వేరే ఆదాయం లేకపోతే మీకు పన్ను సున్నా. కోసుకున్న 1,80,000 రీఫండ్ వస్తుంది. వసూళ్లు 20 లక్షలు దాటలేదు కనుక జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, ఫోను మీద కట్టిన 18 శాతం వెనక్కి వచ్చే దారీ లేదు.

విజయవాడ వాసి:
ఈ మాట మొదటే చెప్పి ఉండవచ్చు కదా!

మౌనముని:
చెప్పాను.

అకౌంట్స్ అవధాని:
అక్కడా ఒక మెలిక ఉంది. సగం లేదా అంతకన్నా ఎక్కువ సంపాదించినట్లు చెప్పుకుంటే ఆ మొత్తం అని సెక్షన్‌లో ఉంది. నిజంగా మిగిలింది 16 లక్షలైతే 9 చూపడం...

కూకట్‌పల్లి కన్సల్టెంట్:
వచ్చారండీ మళ్లీ. చట్టమే సగం చాలంటే ఈయనకు చాలదు.

నిద్రలేని టెస్టర్:
అందరికీ ధన్యవాదాలు. ఫోను రసీదు దాచాలా, పారేయవచ్చా?

అకౌంట్స్ అవధాని:
దాచండి. ఏ ఏడాదైనా సగం కన్నా తక్కువ లాభం చూపాల్సి వచ్చి, ఆదాయం పన్ను పరిమితి దాటితే పుస్తకాలు రాయాలి, 44ఏబీ కింద ఆడిట్ చేయించాలి. అప్పుడు ఆ 42,000కు ఆధారం అదే. మీ ఆవిడ నంబరు బిల్లు మాత్రం ఇప్పటి నుంచే వేరు చేయించుకోండి.

కూకట్‌పల్లి కన్సల్టెంట్:
నేను ఐటీఆర్-3 వేస్తాను, పుస్తకాలు ఉన్నాయి, ఈసారీ నూరు శాతమే రాస్తాను. అమ్మ నిమిషాలకు జవాబు ఇంకా రాలేదు.