మూడు నెలల పాపకు గుండె రక్తనాళం తప్పుచోట ఉందంటున్నారు, ఆపరేషన్ కొన్నాళ్లు ఆపొచ్చా?

అనంతపురం అమ్మ:
అందరికీ నమస్కారం. మా పాపకు పదో తేదీకి మూడు నెలలు నిండుతాయి. నెలన్నర నుంచి పాలు పడితే నాలుగు గుక్కలు తాగి వదిలేసి ఏడ్చేది, జ్వరం లేదు కానీ నెత్తంతా చెమట, ఎత్తుకున్న నా జాకెట్ చెయ్యి కూడా తడిసిపోయేది. జేజి కడుపునొప్పి అనుకుని వాము నీళ్లు పట్టింది, చూపించిన చోట గ్యాస్ అని రెండుసార్లు చుక్కల మందే రాశారు. పోయిన వారం ఆయాసం ఎక్కువైతే ఇంకో చోట ఎక్స్‌రే తీసి గుండె పెద్దదైందన్నారు, ఎకోలో (గుండె స్కానింగ్) అల్కాపా, అంటే గుండె రక్తనాళం తప్పుచోట నుంచి రావడం అని తేలింది. వెంటనే ఆపరేషన్ అంటున్నారు. పాప నాలుగు కిలోలే ఉంది, కాస్త బరువు పెరిగాక చేయిద్దామని మా అత్త అంటోంది. ఆగొచ్చా? గ్రహణం రోజు నేను కూరగాయలు తరిగాను, దానివల్లే అని కూడా అంటున్నారు, రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు.

కర్నూలు నాన్న:
ఆగొద్దమ్మా. మా వాడిదీ ఇదే జబ్బు, నాలుగో నెలలో ఆపరేషన్ అయింది, ఇప్పుడు ఒకటో తరగతి. బరువు పెరగాలని మేమూ పదిహేను రోజులు చూశాం, పెరగలేదు, ఎట్లా పెరుగుతాడు, పాలు తాగడమే వాడికి పరుగు పందెం లాంటిది. గుండె కండకు రక్తం ఇచ్చే ఎడమ నాళం బృహద్ధమని (ఒంటికంతా రక్తం తీసుకుపోయే పెద్ద నాళం) నుంచి రావాల్సింది, వీళ్లకు ఊపిరితిత్తులకు పోయే ధమని నుంచి వస్తుంది. మాకు డాక్టరు కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు, ఆ నాళం మొదలును చుట్టూ ఉన్న గోడతో సహా గుండీ లాగా కోసి తీసి బృహద్ధమనికి కుడతారట. ఆపరేషన్‌కు ముందు మా వాడి ఈఎఫ్, అంటే గుండె ఒక్కో దెబ్బకు బయటికి తోసే రక్తం శాతం, 25 ఉండేది, ఏడాదికి మామూలుకొచ్చింది. ఖర్చు గురించి టెన్షన్ పడొద్దు, ఎన్టీఆర్ వైద్య సేవ కింద అవుతుందేమో ముందు ఆరోగ్యమిత్రను అడుగు. పుట్టపర్తి ఆసుపత్రిలో 1991 నుంచి గుండె ఆపరేషన్లు ఉచితంగా చేస్తున్నారు, తిరుపతిలో 2021లో పిల్లల గుండె ఆసుపత్రి తెరిచారు. రెండుచోట్లా విచారించు.

ఎకో రూము అక్క:
చెల్లీ, గ్రహణానికీ దీనికీ సంబంధం లేదు. బిడ్డ కడుపులో పడిన మొదటి రెండు నెలల్లోనే ఈ నాళాలు అతుక్కుంటాయి. నువ్వు ఏం చేసినా, చేయకపోయినా ఆ పొరపాటు ఆగేది కాదు. సుమారు 3 లక్షల మంది పిల్లల్లో ఒకరికి వస్తుంది, అందుకే గ్యాస్ అనుకోవడం జరుగుతుంటుంది. పుట్టినప్పుడు ఊపిరితిత్తుల వైపు ఒత్తిడి ఎక్కువ కాబట్టి ఆ నాళంలోకి రక్తం పోతుంది, బిడ్డ బాగానే ఉంటుంది. వారాలు గడిచేకొద్దీ ఆ ఒత్తిడి తగ్గి, కుడి నాళం నుంచి వచ్చిన రక్తం కూడా ఎడమ నాళంలో వెనక్కి తిరిగి ఊపిరితిత్తుల ధమనిలోకే పోతుంది. గుండె కండ ఆకలితో ఉంటుంది. పాలు తాగేటప్పుడు ఏడుపు, చెమట అందుకే. కండ బలహీనమైన జబ్బు అని పొరబడిన ఎకో రిపోర్టులు నేను చూశాను, నాళం ఎక్కడ మొదలైందో వెతికితేగానీ కనబడదు. ఆపరేషన్ చేయకుంటే ఎక్కువమంది పిల్లలు ఏడాది దాటరు, ఇది నీకు చెప్పడం కష్టంగానే ఉంది. ఆపరేషన్ అయ్యేదాకా డాక్టరిచ్చిన మందులు మానొద్దు, పాలు కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పట్టు. ఈసీజీ, ఎకో కాగితాలన్నీ వెంట తీసుకుపో.

కడప నుంచి ఒకడు:
అక్కా, నాది వేరే రకం, పెద్దయ్యాక బయటపడింది. కానిస్టేబుల్ ఉద్యోగం కోసం 1600 మీటర్లు ప్రాక్టీస్ చేస్తూ మూడో రౌండులో పడిపోయాను. ఈసీజీ, ట్రెడ్‌మిల్ రెండూ నార్మల్, ఎండదెబ్బ అన్నారు. మళ్లీ పడిపోతే సీటీ యాంజియో (రక్తనాళాలు చూపే స్కాన్) తీశారు, ఎడమ నాళం కుడివైపు నుంచి మొదలై రెండు పెద్ద ధమనుల మధ్య నుంచి పోతోందట. ఆపరేషన్ అయింది, బాగున్నాను. అమెరికా బాస్కెట్‌బాల్ ఆటగాడు పీట్ మారవిచ్‌కు పుట్టుకతోనే ఎడమ నాళం లేదు, 1988లో ఆడుతూ కూలిపోయి 40 ఏళ్లకే చనిపోయాడు, చనిపోయాకే తెలిసింది. పాపకు ముందే దొరికింది కదా అక్కా. పరుగెడుతూ స్పృహ తప్పే పిల్లలు మీ ఇళ్లలో ఉంటే ఎండ అని వదిలేయొద్దు, చదివేవాళ్లందరికీ చెబుతున్నా.

అనంతపురం అమ్మ:
అక్క రాసింది మా అత్తకు చదివి వినిపించాను. ఆమే లేచి బట్టలు సర్దుతోంది. పొద్దున మొదటి బస్సుకు పుట్టపర్తి పోతున్నాం.